నీడలో ఎంతుంది?

మే నెల, పన్నెండున్నర దాటింది. వీధి తలుపు గడియ ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. చెప్పులు విడిచి లోపలికి అడుగు పెట్టగానే కూలర్ గాలి మీ మొహాన కొడుతుంది, తడిసిన గడ్డి వాసనతో సహా. కళ్ళు చీకట్లు కమ్మి హాలు కాసేపు ఏమీ కనపడదు. తర్వాత ఒక్కొక్కటిగా తేలుతాయి: గచ్చు మీద చాప, చాప మీద మూత తీసిన ప్లాస్టిక్ డబ్బా, దాని ముందు తొమ్మిదో తరగతి పిల్ల, మూల నులక మంచం మీద ఆమె తాత.

ఇది భద్రావతి. నాగపూర్ నుంచి చంద్రపూర్ వెళ్ళే దారిలో వరోరా దాటాక వస్తుంది. రైల్లో వస్తే స్టేషన్ బోర్డు మీద భాండక్ అని ఉంటుంది. ఊరి పక్కనే విజాసన్ బౌద్ధ గుహలు, ఊళ్ళో పార్శ్వనాథుడి జైన మందిరం, ఒకవైపు ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ, ఇంకోవైపు బొగ్గు గనులు. గనుల వెంట వచ్చిన తెలుగు కుటుంబాలు బల్లార్‌పూర్ నుంచి ఇక్కడిదాకా ఉన్నాయి. ఈ ఇల్లూ అలాంటిదే. తాత ఆసిఫాబాద్ వైపు నుంచి వచ్చి, మాజ్రీ దగ్గర భూగర్భ గనిలో మైనింగ్ సర్దార్‌గా చేసి రిటైరయ్యారు. మనవరాలు బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది. తిట్టుకోవాల్సి వస్తే హిందీ.

ఇప్పుడు హిందీలోనే ఉంది. ల్యాప్‌టాప్‌కీ చిన్న నల్ల బోర్డుకీ మధ్య కేబుల్ పెట్టి పావుగంట అయింది. బోర్డు మీద దీపం వెలిగింది కానీ ల్యాప్‌టాప్ మాత్రం దాన్ని గుర్తించడం లేదు. పోర్టుల జాబితా ఖాళీ. మీరూ చాప మీద కూర్చుంటారు. ఈ కిట్లు కొన్నవాళ్ళలో సగం మంది మొదటి రోజు ఆగిపోయేది ఇక్కడే అనుకుంటాను. తప్పు బోర్డుది కాదు, కేబుల్‌ది. పాత చార్జర్‌తో వచ్చిన కేబుళ్ళలో కొన్నిటికి కరెంటు తీగలు రెండే ఉంటాయి, సమాచారం మోసే తీగలుండవు. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. వంటింట్లోంచి అమ్మ ఫోను కేబుల్ వస్తుంది. అది గుచ్చగానే ల్యాప్‌టాప్ టింగుమంటుంది. పోర్టు ఇంకా పేరుతో రాలేదు. బోర్డు వెనక సిహెచ్340 అని ఉంది, ఆ చిప్పుకి డ్రైవర్ దించుకోవాలి. అదీ అయ్యాక జాబితాలో ఒక వరస పుడుతుంది. పిల్ల మాట్లాడకుండా చెయ్యి ప్యాంటుకి తుడుచుకుంటుంది.

డబ్బాలో ఏమున్నాయో చూడండి. నోడ్‌ఎంసీయూ బోర్డు, తెల్ల బ్రెడ్‌బోర్డు, రంగురంగుల జంపర్ తీగల కట్ట, ఎల్‌ఈడీలు, రెసిస్టర్ల పట్టీ, వెలుతురు పసిగట్టే ఎల్‌డీఆర్, మనిషి కదలిక పసిగట్టే తెల్ల గోపురం లాంటి పీఐఆర్, రెండు కళ్ళ అల్ట్రాసోనిక్ సెన్సర్, నేల తడి చూసే ఫోర్కు, నీలం రంగు రిలే, బజర్. ఒక మూలన చిన్న కవర్లో, ముందువైపు జాలీ ఉన్న నీలం ప్లాస్టిక్ డబ్బీ. అది డీహెచ్‌టీ11, గాలి వేడినీ తేమనీ కొలిచేది. ఈ మధ్యాహ్నం మన పని దాంతోనే.

వీటిలో అసలు సంగతి బోర్డు మీద గోరంత లోహపు మూత కింద ఉంది. షాంఘైలోని ఎస్‌ప్రెసిఫ్ కంపెనీ చేసిన ఈఎస్‌పీ8266 చిప్పు. 2014లో ఇది ఒక చిన్న మాడ్యూల్‌గా బయటికొచ్చినప్పుడు దాని పత్రాలన్నీ చైనా భాషలోనే ఉన్నాయి. ప్రపంచం నలుమూలల ఔత్సాహికులు కూర్చుని అవి తమ భాషల్లోకి తెచ్చుకున్నారు, ఎందుకంటే అంతవరకు వేల రూపాయలు పెడితే గాని దొరకని వైఫై ఒక్కసారిగా మూడు నాలుగు వందలకి దిగింది. ఆ ఏడాది చివరికే నోడ్‌ఎంసీయూ వచ్చింది. మరుసటేడు, ఇటలీలోని ఇవ్రేయా ఊళ్ళో 2005లో పుట్టిన ఆర్డుయినో పద్ధతిలోనే దీనికీ ప్రోగ్రాం రాసుకునే వీలొచ్చింది. ఈ పిల్ల ఇవాళ చాప మీద కూర్చుని వాడుతున్నది ఆ వీలునే. ఇలాంటి బోర్డుని తను మొదట చూసింది బడిలో, అటల్ టింకరింగ్ ల్యాబులో. నీతి ఆయోగ్ 2016 నుంచి ఆరు నుంచి పన్నెండో తరగతి దాకా పిల్లల కోసం పెడుతున్న ల్యాబులవి. అక్కడ ఒక బోర్డు చుట్టూ ఎనిమిది తలకాయలు. ఇక్కడ మొత్తం తనదే.

బోర్డుని బ్రెడ్‌బోర్డులో గుచ్చుతుంది. పట్టదు. ఎలాగో పట్టించినా, ఈ రకం బోర్డు వెడల్పెక్కువ, బ్రెడ్‌బోర్డు రంధ్రాలన్నీ తనే కప్పేసుకుంది. తీగ గుచ్చడానికి ఇటూ చోటు లేదు, అటూ లేదు. కిట్టు కట్టినవాళ్ళు ఒక్కసారైనా గుచ్చి చూశారా అని నాకెప్పుడూ అనుమానమే. పిల్ల తల గోక్కుని, బోర్డుని బయటికి లాగి, కాళ్ళకే నేరుగా ఆడ తల ఉన్న జంపర్లు తొడుగుతుంది. సరిపోయింది.

మొదట దీపం ఆర్పి వెలిగించే ప్రోగ్రాం. సెటప్ అన్న భాగంలో రాసింది ఒక్కసారి జరుగుతుంది, లూప్ అన్న భాగంలో రాసింది కరెంటు ఉన్నంతసేపూ తిరుగుతూనే ఉంటుంది. అప్‌లోడ్ నొక్కింది. తెర అడుగున చుక్కలు, గీతలు, మళ్ళీ చుక్కలు, ఆపైన శాతాలు. బోర్డు మూల నీలం దీపం గబగబా కొట్టుకుని, తర్వాత సెకనుకొకసారి వెలిగి ఆరడం మొదలుపెట్టింది. మీరు ప్రోగ్రాం వంక చూస్తే ఒకటి తేడాగా కనిపిస్తుంది: హై అన్నచోట దీపం ఆరుతోంది, లో అన్నచోట వెలుగుతోంది. ఆ దీపం రెండో కొస 3.3 వోల్టుల వైపు కట్టి ఉంది. ఇటు కాలు సున్నాకి దిగితేనే కరెంటు పారుతుంది. పిల్ల ఆ ముక్క నోట్సులో రాసుకుని కింద రెండు గీతలు కొట్టింది.

తాత ఇంతవరకు ఒక్క మాట మాట్లాడలేదు. ఇప్పుడు మంచం మీదే ఒత్తిగిలి, "దీనితోని ఏం జేస్తవ్ బిడ్డా?" అన్నారు.

"మనూరి ఎండ ఎంతున్నదో చూస్త తాతా. టీవీల ఎప్పుడూ చంద్రపూర్, బ్రహ్మపురి అంటరు. భద్రావతి పేరే ఎత్తరు."

కిట్టుతో వచ్చిన పుస్తకం ఈ మాట చెప్పదు. అందులో మొదటి ప్రాజెక్టు, ఫోన్లో నొక్కితే గదిలో బల్బు వెలగడం. దాదాపు అన్ని కిట్లలోనూ అదే. మంచం మీంచి చెయ్యి చాపితే అందే స్విచ్చుని అమెరికా సర్వర్ చుట్టూ తిప్పి వేయడం ఎందుకో నాకు అర్థం కాదు. చంద్రపూర్ జిల్లాలో 47 డిగ్రీలు దాటిన వేసవులున్నాయి. ఇక్కడి పిల్లకి కొలవాలనిపించేది ఎండే కదా.

సెన్సర్‌కి మూడు కాళ్ళు. ప్లస్, అవుట్, మైనస్. ఒక్కో తయారీదారు ఒక్కో వరసలో పెడతాడు కాబట్టి పక్కనున్న అక్షరాలు చూడకుండా తీగ తగిలించకూడదు. తారుమారైతే అర నిమిషంలో వేలికి కాక తెలుస్తుంది, ఆ తర్వాత సెన్సర్ ఉండదు. ఎర్ర తీగ 3.3 వోల్టులకి, నల్లది గ్రౌండుకి, పసుపుది డీ4కి. సీరియల్ మానిటర్ తెరిచి రీసెట్ నొక్కగానే తెర మీద పిచ్చి గీతలు, ప్రశ్నార్థకాలు. పిల్ల కంగారుగా మీవైపు చూస్తుంది. ఏం కాలేదు. చిప్పు నిద్ర లేవగానే తన గురించి నాలుగు మాటలు 74880 వేగంతో చెప్పుకుంటుంది, మనం 115200 దగ్గర వింటున్నాం. ఆ వెంటనే శుభ్రమైన అంకెలు: 31 డిగ్రీలు, తేమ 68 శాతం.

"ముప్పై ఒకటా!" పిల్ల నిరాశపడింది. కూలర్ ముందు పెట్టి కొలిస్తే కూలర్ గాలే కొలుస్తుంది మరి.

తర్వాత నెట్టుకి కలపడం. ఇంటి వైఫై పేరు, పాస్‌వర్డ్ ప్రోగ్రాంలో రాసింది. కలవలేదు. రౌటర్ ఒకే పేరుతో రెండు బ్యాండ్లు వదులుతోంది, ఈ చిప్పుకి తెలిసింది 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే. సెట్టింగుల్లోకి వెళ్ళి రెంటికీ వేరే పేర్లు పెట్టాక కలిసింది. చార్టు గీయడానికి మాత్‌వర్క్స్ వాళ్ళ థింగ్‌స్పీక్‌లో ఉచిత ఖాతా తెరిచింది. వాళ్ళిచ్చే కీ ప్రోగ్రాంలో అతికించాలి, పదిహేను సెకన్లకి ఒకటి కన్నా ఎక్కువ అంకెలు పంపకూడదు. గాలి వేడి పదిహేను సెకన్లలో ఏం మారుతుంది? నిమిషానికొకటి చాలనుకుంది. తెర మీద ఖాళీ చట్రంలో మొదటి చుక్క పడింది. రెండోది పడ్డాక మధ్యన గీత వచ్చింది.

వెంటనే మంచిర్యాలలో ఉన్న మేనత్తకి లింకు పంపింది. బల్లార్షా నుంచి కాగజ్‌నగర్, బెల్లంపల్లి మీదుగా మంచిర్యాలకి రైలు వెళ్తూనే ఉంటుంది. అయితే ఈ చుక్క ఆ పట్టాల వెంట పోలేదు. సముద్రాలు దాటి ఎక్కడో సర్వర్లో కూర్చుని, అక్కడినుంచి అత్త ఫోన్లోకి దిగింది. అవతల్నుంచి ఫోన్ వచ్చింది.

"ఏందే, భద్రావతిల ముప్పై ఒకటేనా? ఇక్కడ మాడి చస్తున్నం!"

పిల్ల నాలిక కరుచుకుంది. ఆ అంకె కూలర్‌దని చెప్పేలోపు అత్త దాన్ని ఇంకెవరికో పంపేసింది.

ఇక మేడ ఎక్కాలి. మీరూ రండి, చెప్పులు వేసుకునే రండి, మెట్లు కాలుతున్నాయి. పైన గాలి కదలిక లేదు. దూరంగా తెల్లటి ఆకాశం అంచు బూడిద రంగులోకి తిరిగిపోయింది. ఆగ్నేయంగా దాదాపు ఇరవై కిలోమీటర్ల దూరంలో చంద్రపూర్ థర్మల్ కేంద్రం, 2920 మెగావాట్లది. ఈ చుట్టుపక్కల బొగ్గు తిని రాష్ట్రానికి కరెంటిస్తుంది. పిల్ల ఫోను చార్జర్‌ని మెట్ల గది ప్లగ్గులో పెట్టి, తీగ లాగి, బోర్డునీ సెన్సర్‌నీ కలిపి పిట్టగోడ మీద ఎండలో పెట్టింది. ఫోన్లో చార్టు లేచింది. 38, 43, 47, 50, 53.

"యాభై మూడు!" కేక వేసింది. వరల్డ్ రికార్డేమో అన్న అనుమానం కళ్ళలో ఉంది.

ఆ సెన్సర్ కాగితం తీసి చూడండి. వేడిలో సున్నా నుంచి 50 డిగ్రీల దాకా, తేమలో 20 శాతం నుంచి మొదలు. ఆ హద్దుల్లోపల కూడా రెండు డిగ్రీలు ఇటూ అటూ కావచ్చు, తేమైతే అయిదు శాతం. విదర్భ మే నెల మధ్యాహ్నం ఈ డబ్బీని రెండు వైపులా హద్దు దాటిస్తుంది: ఎండలో 50 పైకి, పొడి గాలిలో 20 శాతం కిందకి. హద్దు దాటాక అది ఏం చెప్పినా దానికి పూచీ లేదు. చెప్పడం మాత్రం మానదు. సర్వర్‌కి అది అంకె, ఫోనుకి అది గీత. 53 అని గీత ఎంత నున్నగా వచ్చిందో 31 అనీ అంతే నున్నగా వచ్చింది.

మెట్ల మీద కర్ర చప్పుడు. తాత పైకొచ్చారు. పిట్టగోడ మీద నీలం డబ్బీని, పక్కన నల్ల బోర్డునీ చూశారు. ముట్టుకోలేదు.

"ఎండల వెడితె ఎండను గొలుస్తది బిడ్డా, గాలిని గొలువది. ఆ బోర్డు గుడ సల్లగున్నదా? ముట్టి సూడు."

ముట్టుకుంది. వేడిగా ఉంది. అయిదు వోల్టుల్ని 3.3కి దించే చిన్న ముక్క, పక్కనే వైఫై చిప్పు, రెండూ సొంతంగా కాక పుట్టిస్తాయి. దానికి అంగుళం దూరంలో సెన్సర్.

తాత మెట్ల గది నీడలో బోర్లించిన బకెట్టు మీద కూర్చుని సేఫ్టీ ల్యాంపు గురించి చెప్పడం మొదలుపెట్టారు. హంఫ్రీ డేవీ 1815లో చేసిన దీపానికి వారసురాలు అది, మంట చుట్టూ సన్నటి ఇనప జాలీ ఉంటుంది. జాలీ లోపల గ్యాసు అంటుకున్నా మంట బయటికి రాదు. ఆయన కొత్తగా గనిలో దిగినప్పుడు గ్యాసు చూడటం దాంతోనే, చేతిలో పట్టే మీథేన్ మీటర్లు తర్వాత వచ్చాయి. వత్తి తగ్గించి మంటని గింజంత చెయ్యాలి. మీథేన్ ఉంటే ఆ పసుపు మంట మీద లేత నీలం టోపీ లేస్తుంది. టోపీ ఎత్తుని బట్టి గ్యాసెంతో చెప్పాలి. 1.25 శాతం తగిలితే కరెంటు తీసేసి మనుషుల్ని బయటికి తేవాలి. అయిదుకి పోతే గని పేలడానికి సిద్ధంగా ఉన్నట్టు.

"టోపీ సూసుడు అందరికి అస్తది. ల్యాంపు యాడ వట్టాల్నో గది రావాలె." చేతిలోని కర్రని నిలువుగా ఎత్తి చూపించారు. "ఈ గ్యాసు తేలిక. పైకప్పు సందుల పోయి కూసుంటది. నడుము కాడ వట్టి 'గ్యాసు లేదు' అని రాసినోన్ని జూసిన్న. మెల్లగ, మెల్లగ రూఫు కాడికి లేపాలె. ఇంకోటున్నది, బరువుది, అది కిందుంటది. దానికి దీపం కిందికి దించాలె. మంట ఆరితె ఇగ మనం గూడ ఆడ ఉండద్దు."

పిల్ల కర్ర కొస వైపే చూస్తోంది. "మరి ఎండకి యాడ వెట్టాలె తాతా?"

"గాలికి. నీడల వెట్టు, గాలి ఆడాలె, గోడకి తగలద్దు."

వాతావరణ శాఖ వాళ్ళూ చేసేది అదే. తెల్ల రంగు వేసిన, పక్కలకి వెంటిలేటర్ రెక్కలున్న చెక్కపెట్టెలో, నేలకి మనిషి నిలువెత్తుకి కాస్త దిగువన థర్మామీటర్లు పెడతారు. స్టీవెన్సన్ పెట్టె అంటారు దాన్ని. చేసినాయన థామస్ స్టీవెన్సన్, 'ట్రెజర్ ఐలాండ్' రాసిన రచయిత తండ్రి. ఇంజినీరు, లైట్‌హౌసులు కట్టేవాడు. టీవీలో మనం వినే 44, 45 అన్నీ ఆ నీడలో అంకెలే. తారు రోడ్డు మీద కాలు పెట్టినప్పటి అంకె కాదు.

అమ్మ పూలకుండీల కింద తెల్ల ప్లాస్టిక్ పళ్ళేలు ఉన్నాయి. అయిదు తెచ్చింది పిల్ల. ఈ ఊళ్ళో గ్రామోదయ సంఘ్ పుణ్యమా అని మట్టి సామానుకి పేరుంది, మట్టి మూకుళ్ళు వాడొచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. మట్టి ఒకసారి వేడెక్కితే తొందరగా వదలదు, ఇక్కడ పల్చటి తెల్ల ప్లాస్టికే నయం. స్క్రూడ్రైవర్ మొనని పొయ్యి మీద కాల్చి, పళ్ళేల అంచుల్లో మూడేసి బొక్కలు పెట్టింది. మధ్య మూడు పళ్ళేల నడుము కోసేసింది. బోర్లించి ఒకదాని మీద ఒకటి, మధ్యన పెన్ను గొట్టాల ముక్కలు, మూడు పొడుగాటి బోల్టులు. తాత నట్లు బిగించారు. వేళ్ళు వణికాయి కానీ నట్టు తప్పలేదు. ఎటునుంచి చూసినా ఎండ లోపలికి పోదు, గాలి మాత్రం అన్ని వైపులా పోతుంది. సెన్సర్ ఒక్కటే మీటరు తీగతో లోపల వేలాడుతుంది. బోర్డు మెట్ల గదిలో ఉండిపోయింది. ఉత్తరం వైపు, గోడకి మూరెడు దూరంగా, బట్టల తీగ కట్టే ఇనప రాడ్డుకి దాన్ని తగిలించారు.

చార్టు దిగడం మొదలైంది. 53 నుంచి 49, 47. పావుగంట గడిచాక 45 దగ్గర నిలబడింది. తేమ 20 దగ్గర ఇరుక్కుని కదలడం లేదు, అసలు అంకె ఇంకా తక్కువే అయుంటుంది.

అంతలో కరెంటు పోయింది. బొగ్గు ఊరికీ కోతలు తప్పవు. కింద కూలర్ ఆగిన చప్పుడు, అమ్మ విసుగు, రౌటర్ లేదు, బోర్డు లేదు. ఇరవై నిమిషాలకి తిరిగొచ్చింది. ఎవరూ ఏమీ ముట్టుకోకుండానే బోర్డు సెటప్ దగ్గర్నుంచి మొదలై, వైఫై వెతుక్కుని, మళ్ళీ చుక్క పంపింది. చార్టులో ఆ ఇరవై నిమిషాల మేర రెండు చుక్కల్నీ కలుపుతూ ఒక తిన్నటి గీత ఉంది, అప్పుడూ ఎవరో కొలిచినట్టు. పిల్ల దాన్ని వేలితో పెద్దది చేసి చూసి, "ఇది ఉత్తదే తాతా, ఇక్కడ కరెంటు లేకుండె," అంది. ప్రోగ్రాం ఎన్నిసార్లు కొత్తగా లేచిందో లెక్క పంపే ఒక వరస కలపాలని నోట్సులో రాసుకుంది.

చౌక సెన్సర్లతో పనిచేసే పెద్దవాళ్ళూ ఏ అంకెని నమ్మాలో తేల్చుకునే దగ్గరే ఎక్కువ చెమటోడుస్తారు. ఐఐఐటీ హైదరాబాద్ వాళ్ళు గచ్చిబౌలి చుట్టుపక్కల దగ్గర దగ్గరగా ఇలాంటి పెట్టెలు పెట్టి గాలి కాలుష్యం కొలిచారు. ముందు నమ్మకమైన యంత్రం పక్కన పెట్టి ఏ పెట్టె ఎంత తేడా చెబుతోందో చూసుకుని సరిదిద్దుకోవాలి, లేకపోతే వందల పెట్టెలు వందల మాటలు చెబుతాయి. పిల్ల దగ్గర నమ్మకమైన యంత్రం లేదు. అమ్మ జ్వరం చూసే థర్మామీటర్ 42 దగ్గర ఆగిపోతుంది. గ్లాసులో నీళ్ళూ పగలగొట్టిన ఐసూ కలిపి, అందులో ముంచితే సున్నా చూపించాలని తనకి తెలుసు, కానీ ఈ నీలం డబ్బీని ముంచితే చస్తుంది. డీఎస్18బీ20 అని స్టీలు గొట్టంలో వచ్చేది ఒకటుంది, నీళ్ళలో ముంచొచ్చు, తేడా అర డిగ్రీ, 50 దాటినా జంకదు. వంద రూపాయల పైన ఉంటుంది. నోట్సులో దాని పేరు చుట్టూ గుండ్రంగా గీసింది.

సాయంత్రం వార్తల్లో చంద్రపూర్ నలభై నాలుగు పైచిలుకు అన్నారు. ఇంటి అంకె 45.

"మనదే ఎక్కువ!" అంది పిల్ల.

"రెండు డిగ్రీలు ఇటూ అటూ అన్నవ్ గద," అన్నారు తాత. "గట్లయితె ఎక్కువో తక్కువో ఎట్ల జెప్తవ్?"

పిల్ల జవాబు చెప్పకుండా డబ్బాలోంచి నీలం రిలే తీసి తిప్పి చూస్తోంది. నీడలో వేడి నలభై దాటగానే కూలర్ పంపు దానంతటదే తిరగాలని తన ఆలోచన. కూలర్ అంటే 230 వోల్టులు, పక్కనే నీళ్ళు, తడి నేల. తాత చెయ్యి చాపారు. రిలే ఆయన చేతిలోకి వెళ్ళి జేబులో పడింది. బాపు డ్యూటీ నుంచి వచ్చాక ఎలక్ట్రీషియన్‌ని పిలిపిస్తే గాని బయటికి రాదట.

అత్త మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి స్పీకర్లో పెట్టారు.

"నలభై ఐదా? ఇప్పుడు నమ్మబుద్ధైతాంది. మంచిర్యాలకి గూడ ఒకటి చేసి పంపరాదే."

"పంపుత అత్తా. మీ రౌటర్ 2.4నో కాదో సూడు ముంగట. ఉత్తరం దిక్కు వరండా ఉన్నదా? గోడకు తగలకుండ కొక్కెం కొట్టిపియ్యాలె. తెల్ల ప్లేట్లు అయిదు తెచ్చిపెట్టు, కుండీల కింద పెట్టేటియి, గులాబివి వద్దు. కూలర్ ఎటు దిక్కున్నదో చెప్పు."

"కూలరెందుకే?"

"చెప్పు నువ్వు."